ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఇంటర్న్‌షిప్‌లో చేతికి పని రావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. బీఎస్సీ ఓటీ టెక్నాలజీ క్లాసులు అయిపోయాయి, హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ నడుస్తోంది. పేషెంట్‌ను షిఫ్ట్ చేయడం, ఫైళ్లు మోయడం, గోడకు ఆనుకుని నిలబడి చూడటం తప్ప ఏదీ ముట్టుకోనివ్వట్లేదు. అమీర్‌పేట వైపు ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు మూడు నెలల 'ప్రాక్టికల్ ఓటీ ట్రైనింగ్' పేరుతో 45 వేలు అడుగుతున్నారు. చేరాలా? ఇంకో సందేహం: తోటి ఇంటర్న్‌తో ఒక సర్జన్ 'స్కిన్ నువ్వే కుట్టెయ్' అన్నారట, అలా చేయొచ్చా?

సూటిగా చెబుతాను. ఆ 45 వేలు కట్టొద్దు. మీ ఆసుపత్రిలోనే సీఎస్‌ఎస్‌డీ (పరికరాలు కడిగి, స్టెరైల్ చేసి, సెట్లుగా సర్దే విభాగం) పోస్టింగ్ అడిగి తీసుకోండి. కొన్ని వారాలు అక్కడ చేశాక, ఒకే రకం ఆపరేషన్ ఎంచుకుని, దాని ట్రాలీ (పరికరాలు వరసగా సర్దే బల్ల) ఎవరి సాయం లేకుండా వేయగలిగే స్థాయికి రండి. స్క్రబ్, అంటే స్టెరైల్ గౌను, గ్లవ్స్ వేసుకుని టేబుల్ దగ్గర సర్జన్‌కి పరికరాలు అందించే పని, ఆ తర్వాత దానంతట అదే వస్తుంది. కుట్టే సంగతికి జవాబు 'వద్దు'. ఎందుకో చివర్లో చెబుతాను.

నేను మలక్‌పేట వైపు ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పని మొదలుపెట్టి, ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రిలో ఓటీ టెక్నీషియన్ల డ్యూటీలు వేస్తూ, కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పుతున్నాను. కాబట్టి మిమ్మల్ని గోడ దగ్గర నిలబెట్టేవాళ్ల వైపు నుంచి కూడా ఈ విషయం నాకు తెలుసు.

ముందు ఎందుకు ముట్టుకోనివ్వరో చూడండి. హైదరాబాద్‌లో చాలామంది సర్జన్లు ఒకే రోజు రెండు మూడు ఆసుపత్రులు తిరుగుతారు. పొద్దున కూకట్‌పల్లిలో కేసు, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో ఇంకోటి. వాళ్లకు తమ చేయి తెలిసిన మనిషే ఎదురుగా కావాలి, కొత్తవాళ్లకు నేర్పే తీరిక ఉండదు. రెండోది, టేబుల్ మీద ఏ పొరపాటు జరిగినా జవాబు చెప్పాల్సింది ఓటీ ఇన్‌చార్జ్ సిస్టర్. మీకు స్క్రబ్ ఇవ్వాలా వద్దా అన్నది దాదాపు ఎప్పుడూ ఆమె చేతిలోనే ఉంటుంది. కొత్తవాళ్లందరూ సర్జన్ మెప్పు కోసం చూస్తారు. చూడాల్సింది సిస్టర్ వైపు.

మూడో కారణం మీ కాలేజీలో చెప్పి ఉండకపోవచ్చు. కార్పొరేట్ ఆసుపత్రుల్లో చాలాచోట్ల స్క్రబ్ స్టాఫ్ నర్సులదే. టెక్నీషియన్‌ను అనస్థీషియా వైపు, పేషెంట్ పొజిషనింగ్‌కి, సీ-ఆర్మ్‌కి (ఓటీలో వాడే ఎక్స్‌రే యంత్రం), లాప్రోస్కోపీ టవర్‌కి, ఫ్లోర్ పనికి (స్క్రబ్ కాకుండా బయటి నుంచి కావాల్సినవి చూడటం) వేస్తారు. నర్సింగ్ హోముల్లో, మధ్యస్థాయి ఆసుపత్రుల్లో టెక్నీషియనే స్క్రబ్ అవుతాడు, ఫ్లోర్ కూడా చూస్తాడు. అంటే మీరు ఉన్న చోటు పెద్ద కార్పొరేట్ అయితే, మీకు స్క్రబ్ రాకపోవడం మీ లోపం కాకపోవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో రొటేషన్ ఉంటే చిన్న ఆసుపత్రి పోస్టింగ్ కూడా అడగండి.

ఇక సీఎస్‌ఎస్‌డీ. దీన్ని పనిష్మెంట్ పోస్టింగ్ అనుకుంటారు. నా దగ్గరకు వచ్చినవాళ్లలో త్వరగా చేయి తిరిగినవాళ్లందరూ అక్కడ గట్టిగా పనిచేసినవాళ్లే. పుస్తకంలో బొమ్మ చూస్తే స్ట్రెయిట్ ఆర్టరీ, కోకర్ అనే ఫోర్సెప్స్ రెండూ ఒకేలా కనిపిస్తాయి. రోజూ కడిగి, తుడిచి, విప్పి సర్దితే తేడా వేళ్లకే తెలుస్తుంది. కోకర్ కొసన పళ్లుంటాయి. ఆలిస్ కొసన అడ్డంగా సన్నటి పళ్ల వరస ఉంటుంది. బాబ్‌కాక్‌కి పళ్లుండవు, దవడల మధ్య ఖాళీ ఉంటుంది, ఎందుకంటే పేగు, ఫెలోపియన్ ట్యూబ్ లాంటివి నలగకుండా పట్టాలి. మెట్జెన్‌బామ్ సిజర్ సన్నటి టిష్యూకి. దారాలు కత్తిరించడానికి స్ట్రెయిట్ మేయో. మెట్జెన్‌బామ్‌తో దారం కత్తిరించడం ఏ సర్జన్ చూసినా ఆ రోజు మీకు అక్షింతలు తప్పవు.

సీఎస్‌ఎస్‌డీలో ఇంకొన్ని విషయాలు పట్టుకోండి. ఆటోక్లేవ్ (ఆవిరితో స్టెరైల్ చేసే యంత్రం)లో పెట్టిన ప్యాక్ బయటి టేపు మీద నల్ల గీతలు వచ్చినంత మాత్రాన లోపలి సెట్ స్టెరైల్ అయినట్టు కాదు. ఆ ప్యాక్ వేడిలోకి వెళ్లివచ్చిందని మాత్రమే ఆ గీతలు చెబుతాయి. లోపల పెట్టిన ఇండికేటర్ స్ట్రిప్ చూడాలి. తడిగా వచ్చిన సెట్ స్టెరైల్ కాదు, ఎంత అర్జెంటు కేసైనా తిప్పి పంపాలి. 121 డిగ్రీల సైకిల్, 134 డిగ్రీల సైకిల్ ఒకటి కాదు, పట్టే టైమూ వేరు. ప్రీ-వాక్యూమ్ (ముందే లోపలి గాలి లాగేసే) ఆటోక్లేవ్‌లో రోజూ మొదటి లోడుకి ముందు బోవీ-డిక్ టెస్ట్ ఎందుకు పెడతారో అక్కడివాళ్లను అడిగి తెలుసుకోండి. సెట్‌లో ఆర్టరీలు లాక్ వేసి పెట్టకూడదు, కీలు తెరిచి ఉంటేనే ఆవిరి లోపలికి వెళ్తుంది. ఇవి తెలిసిన ఇంటర్న్‌కి, తెలియని ఇంటర్న్‌కి తేడా ఇన్‌చార్జ్ సిస్టర్ రెండు నిమిషాల్లో కనిపెడుతుంది.

తర్వాత ఒకే ఆపరేషన్ ఎంచుకోండి. అన్నీ కొంచెం కొంచెం చూసేవాడికి ఏదీ రాదు. నా సలహా సిజేరియన్. మెట్లు తక్కువ, వరస మారదు, కేసులు రోజూ ఉంటాయి. పేట్లబురుజు, సుల్తాన్ బజార్ ప్రసూతి ఆసుపత్రుల్లో పోస్టింగ్ దొరికే అవకాశం ఉంటే వదులుకోకండి. అక్కడ కేసుల తాకిడి అలాంటిది.

సిజేరియన్‌లో స్క్రబ్ మనిషి మనసులో నడవాల్సిన వరస ఇది. స్కిన్‌కి బ్లేడ్, ఫ్యాట్‌కి కాటరీ (కరెంటు వేడితో కోసి రక్తం ఆపే పరికరం) లేదా సిజర్, షీత్ (కండ మీది గట్టి పొర), మజిల్ పక్కకు, పెరిటోనియమ్ (కడుపు లోపలి పొర). డాయన్ రిట్రాక్టర్ పెట్టాక బ్లాడర్ కిందికి. యుటరస్ మీద బ్లేడ్ పడగానే సక్షన్ మీ చేతిలో ఆన్‌లో ఉండాలి, ఉమ్మనీరు ఒక్కసారిగా వస్తుంది. తల బయటికి వచ్చే సమయానికి డాయన్ తీసేస్తారు, అందుకోవడానికి చేయి సిద్ధంగా ఉండాలి. బొడ్డుతాడుకు రెండు క్లాంపులు, ఒక సిజర్. మాయ వచ్చాక కోత అంచులకు గ్రీన్-ఆర్మిటేజ్ ఫోర్సెప్స్. అవి అడిగే లోపే అందించాలి, ఎందుకంటే అప్పుడు రక్తం బాగా పోతుంటుంది. తర్వాత నీడిల్ హోల్డర్ మీద ఒకటో నంబరు విక్రిల్ దారం. ఆ సర్జన్ క్యాట్‌గట్ వాడతారా విక్రిల్ వాడతారా అన్నది ముందే తెలుసుకోవాలి. ఈ వరస నిద్రలో అడిగినా చెప్పగలిగితే, ఒక ఆదివారం రాత్రి సిస్టర్ చేయి ఖాళీ లేనప్పుడు 'నువ్వు వాషప్ అవ్వు' (చేతులు కడుక్కుని స్క్రబ్‌కి రా) అంటుంది. నైట్ డ్యూటీలు వద్దనకండి. కొత్తవాళ్లకు అవకాశం వచ్చేది ఎక్కువగా అప్పుడే.

అవకాశం వచ్చాక అసలు పని అందించడంలో ఉంటుంది. ఒక్క నీడిల్ హోల్డర్ సంగతే చూడండి. సూదిని మొన నుంచి మూడింట రెండు వంతుల దూరంలో, హోల్డర్ కొసతో పట్టాలి. దారం అతికిన చోట పడితే సూది వంగొచ్చు, విరగొచ్చు. కుడిచేతి వాటం సర్జన్‌కైతే మొన ఆయన ఎడమవైపు చూడాలి. హోల్డర్ పిడి ఆయన అరచేతిలో గట్టిగా తగలాలి, మెల్లగా పెడితే తల తిప్పి చూడాల్సి వస్తుంది. దారం తోకను మీ రెండో చేత్తో పట్టి ఉంచాలి, లేకపోతే పిడితో పాటు ఆయన వేళ్లలో చిక్కుకుంటుంది. బ్లేడ్ మాత్రం చేతికి ఇవ్వొద్దు. కిడ్నీ ట్రేలో పెట్టి జరపండి, ఆయన దాంట్లోంచి తీసుకుంటారు, దాంట్లోనే తిరిగి పెడతారు. ఇదంతా ఇంట్లో పాత నీడిల్ హోల్డర్, గడువు దాటిన దారం పెట్టుకుని సాధన చేయొచ్చు. మీ సిస్టర్‌ని అడిగితే ఎక్స్‌పైరీ అయిన సూచర్ ప్యాకెట్లు ఇస్తారు.

కౌంట్ విషయంలో మొహమాటం వద్దు. మాప్‌లు (రక్తం అద్దే పెద్ద గుడ్డలు), గాజ్, సూదులు, బ్లేడ్‌లు: మొదలయ్యే ముందు ఒకసారి, కడుపు మూసే ముందు ఒకసారి, స్కిన్ మూసే ముందు ఇంకోసారి. ఫ్లోర్ మనిషి, స్క్రబ్ మనిషి ఇద్దరూ కలిసి గట్టిగా లెక్కపెట్టాలి, బోర్డు మీద రాయాలి. ఎక్స్‌రేలో కనిపించే దారం ఉన్న మాప్‌లే కడుపులోకి వెళ్లాలి. ఒకటి తగ్గితే 'సార్, ఒక మాప్ తగ్గింది' అని అందరికీ వినపడేలా చెప్పాలి. విసుక్కుంటారు, పర్లేదు. డ్రేప్ (పేషెంట్ మీద కప్పే స్టెరైల్ గుడ్డ) మడతలు, బకెట్, టేబుల్ కింద వెతకాలి, దొరక్కపోతే పేషెంట్‌ను బయటికి పంపే ముందు ఎక్స్‌రే తీయాలి.

ఇక్కడ ఒక కేసు చెబుతాను. మా దగ్గర ఒక ఇంటర్న్ అమ్మాయి రెండో స్క్రబ్‌గా, అంటే మొదటి స్క్రబ్‌కి సాయంగా, నిలబడింది. డ్రేపింగ్ అప్పుడు ఆమె గౌను వెనక ఉన్న లైట్ స్టాండ్‌కి తగిలింది. ఎవరూ చూడలేదు. ఆమె 'నా గౌను తగిలింది, మార్చుకుంటాను' అని తప్పుకుంది. సర్జన్ ఏదో గొణిగారు. మరుసటి వారం నుంచి ఇన్‌చార్జ్ సిస్టర్ ఆమెను మొదటి స్క్రబ్‌గా వేయడం మొదలుపెట్టింది. అన్‌స్టెరైల్ అయిన సంగతి తిట్లకు భయపడి దాచేవాళ్లకు స్క్రబ్ ఇవ్వడానికి ఏ ఇన్‌చార్జ్‌కీ ధైర్యం చాలదు. గుర్తుంచుకోండి, గౌనులో స్టెరైల్ అని లెక్కేసేది ముందువైపు ఛాతీ నుంచి నడుము దాకా, మోచేతికి కాస్త పై నుంచి చేతుల దాకా మాత్రమే. వీపు కాదు, చంకలు కాదు. చేతులు కట్టుకుని చంకలో పెట్టుకునే అలవాటు ఉంటే ఇప్పుడే మానండి.

మీరు చిన్నచూపు చూస్తున్న ఫ్లోర్ పనిలో కూడా చేతికి బోలెడు పని ఉంది. కాటరీ పేషెంట్ ప్లేట్ (కరెంటు తిరిగి వెళ్లడానికి ఒంటికి అంటించేది) తీసుకోండి. కండ ఉన్న చోట, పొడిగా, వెంట్రుకలు లేకుండా, ఆపరేషన్ జరిగే చోటుకు వీలైనంత దగ్గరగా అంటించాలి. ఎముక ఉబ్బిన చోట, పాత కోత మచ్చ మీద, లోపల రాడ్డు ఉన్న చోట వద్దు. స్పిరిట్ పెయింట్ చేసినప్పుడు పేషెంట్ కింద మడుగు కట్టిందేమో చూడాలి, ఆరకుండా కాటరీ వాడితే నిప్పు అంటుకుంటుంది. లితాటమీ (వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి ఎత్తి ఉంచే) పొజిషన్‌లో రెండు కాళ్లూ ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి దించాలి, దానికి ఇద్దరు మనుషులు కావాలి. చేతిని పక్కకు చాపితే 90 డిగ్రీలు దాటకూడదు, దాటితే భుజం దగ్గరి నరాలు లాగబడతాయి. ఆర్థో కేసుల్లో టూర్నికే (రక్తం ఆపడానికి చేతికో కాలికో బిగించే పట్టీ) కట్టిన టైమ్ బోర్డు మీద రాసి, గంట కాగానే చెప్పేవాడు ఉండాలి. ఆ పని మీరు తీసుకోండి, ఎవరూ కాదనరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జికల్ సేఫ్టీ చెక్‌లిస్ట్ మూడు దశలుగా ఉంటుంది: మత్తు ఇచ్చే ముందు, కోత పెట్టే ముందు, పేషెంట్ థియేటర్ దాటే ముందు. దాన్ని చదివి వినిపించే బాధ్యత అడిగి తీసుకుంటే సర్జన్ మొదటిసారి మీ గొంతు వింటారు.

అనస్థీషియా వైపు సంగతి ఒక్క మాటలో చెప్పాలంటే, పొద్దున్నే అనస్థీటిస్ట్ కంటే ముందు వెళ్లి మెషిన్ చెక్‌కి, సక్షన్‌కి, లారింగోస్కోప్ (గొంతులో ట్యూబ్ వేయడానికి వాడే పరికరం) లైటుకి సిద్ధంగా ఉండేవాడికి రెండు వారాల్లో నేర్పడం మొదలుపెడతారు. ఈ వైపు డాక్టర్లకు నేర్పే ఓపిక ఎక్కువ. నా అనుభవంలో అయితే అంతే.

అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఓటీలో అడిగినా పెట్టరు. అందుకే ఎలా అడుగుతున్నామన్నది ముఖ్యం. 'సిస్టర్, నాకూ స్క్రబ్ ఇవ్వండి' అంటే 'చూద్దాం' అంటారు. 'సిస్టర్, రేపు రెండో ఓటీలో హెర్నియా ఉంది కదా, ట్రాలీ నేను వేస్తాను, మీరు చూసి తప్పులు చెప్పండి' అంటే కాదనడం కష్టం. పని ఫలానా అని చెప్పి అడగండి, ఆమె టైమ్ మిగిలేలా అడగండి.

ఒక కేస్ లాగ్ పెట్టుకోండి. అమెరికాలో సర్జికల్ టెక్నాలజిస్ట్ కోర్సుల పాఠ్యప్రణాళికలో విద్యార్థి స్క్రబ్ అయిన కేసులు కనీసం 120 ఉండాలి, అందులో 30 జనరల్ సర్జరీవి. మొదటి స్క్రబ్, రెండో స్క్రబ్, ఊరికే చూసినవి అని వేరువేరుగా రాస్తారు. చూసినవి ఆ లెక్కలోకి రావు. మన దగ్గర ఇంత కచ్చితంగా అడిగేవాళ్లు తక్కువ. అయినా మీరు అదే పద్ధతిలో రాసుకోండి: తేదీ, ఆపరేషన్, మీ పాత్ర, వాడిన సెట్, ఆ సర్జన్ గ్లవ్ సైజు, ఇష్టపడే దారం, సిస్టర్ సంతకం. పేషెంట్ పేరు, నంబరు రాయొద్దు, ఫోటోలు అసలే వద్దు. ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వచ్చి ఇలాంటి పుస్తకం నా ముందు పెట్టినవాళ్లను నేను ఇంకో ప్రశ్న అడగకుండా ట్రాలీ దగ్గరకు తీసుకెళ్తాను.

ఇన్‌స్టిట్యూట్ విషయానికి వస్తే, అక్కడ చెప్పేది చాలావరకు చేతులు కడగడం, గౌను, గ్లవ్స్, ఇన్‌స్ట్రుమెంట్ల పేర్లు. అవి మీ ఆసుపత్రిలో ఖర్చు లేకుండా వస్తాయి. చేరి తీరాలనిపిస్తే రెండు అడగండి: ఏ ఆసుపత్రి థియేటర్‌లో, ఎన్ని రోజులు నిలబెడతారు? అది కాగితం మీద రాసిస్తారా? గొంతు మారిందంటే లేచి వచ్చేయండి. వాళ్ల సర్టిఫికెట్ మీ డిగ్రీకి కలిపేది కూడా పెద్దగా లేదు. 2021 నాటి అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం మన పనిని సర్జికల్, అనస్థీషియా టెక్నాలజీ వృత్తిగా గుర్తించింది. లెక్కకు వచ్చేది గుర్తింపు ఉన్న కోర్సు, రిజిస్ట్రేషన్. మీ కోర్సు ఎలాగూ పూర్తవుతోంది. ఒకవేళ కాలేజీ వాళ్లు ఓటీ లేని ఆసుపత్రికో, నెలకు నాలుగు కేసులు లేని చోటుకో పంపి ఉంటే అది వేరే సంగతి. అప్పుడు కూడా డబ్బు కట్టే ముందు పోస్టింగ్ మార్చమని ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా అడగండి.

సూది ముట్టుకునే ముందు ఒక జాగ్రత్త. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు, 0, 1, 6 నెలలకు, పూర్తి చేసి యాంటీబాడీ టైటర్ (టీకా పనిచేసిందో లేదో చెప్పే రక్తపరీక్ష) చూపించుకోండి, కనీసం 10 mIU/mL ఉండాలి. సూది గుచ్చుకుంటే వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సుకి చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు వీలైతే రెండు గంటల్లో మొదలవ్వాలి, 72 గంటలు దాటితే పెద్దగా లాభం లేదు. కోర్సు 28 రోజులు. 'కేసయ్యాక చూద్దాం' అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఇక కుట్టే సంగతి. దారం కత్తిరించడం, సక్షన్ పట్టడం, సర్జన్ చెప్పినట్టు రిట్రాక్టర్ లాగి ఉంచడం వరకు మీ ఆసుపత్రి ఒప్పుకుంటే చేయండి. కోయడం, కుట్టడం, సొంతంగా ఇంజక్షన్ ఇవ్వడం మన పని కాదు. ముఖ్యంగా చిన్న నర్సింగ్ హోముల్లో అసిస్టెంట్ డాక్టర్ ఖర్చు మిగుల్చుకోవడానికి టెక్నీషియన్‌తో స్కిన్ కుట్టిస్తారు, దాన్ని 'నేర్పడం' అంటారు. ఆ కుట్టు చీము పట్టిన రోజు నేర్పిన ఆ పెద్దమనిషి కాగితం మీద కనిపించడు. ఎదురు చెప్పినట్టు ఉండకుండా ఇలా అనండి: 'సార్, నాకు పర్మిషన్ లేదు. డ్యూటీ డాక్టర్‌ని వాషప్ అవ్వమని చెప్పించనా?' చాలామంది సర్జన్లు విసుక్కుంటూ తామే కుట్టేసుకుంటారు. ఆయన ఇంకా పట్టుబడితే కేసయ్యాక ఇన్‌చార్జ్ సిస్టర్‌కి చెప్పండి, చెప్పిన తేదీ మీ లాగ్‌లో రాసి పెట్టుకోండి.